టంకేశ్వర్ ఖురాకు నచ్చని వెదురు

టంకేశ్వర్ ఫుకన్ గారికి ఈ భూమ్మీద మొలిచిన ఏ వెదురూ నచ్చదు. నచ్చకపోతే నచ్చకపోయింది, లోకంలో చాలామందికి చాలా నచ్చవు. ఈయనకు మాత్రం నచ్చలేదని చెప్పడానికి ముందు దాని కింద గంటసేపు కూర్చోవాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న పేము పీట వేసుకుని, ఫ్లాస్కులోంచి ఎర్ర టీ పోసుకుని, కళ్లు మూసుకుని తీరిగ్గా కూర్చోవాలి. ఆ తర్వాత లేచి, పంచె దులుపుకుని, అప్పుడు తిట్టాలి. మా జోర్హాట్ చుట్టుపక్కల ఆయన కూర్చోని వెదురు పొద లేదు. ఆయన చేత తిట్లు తినని పొద అంతకన్నా లేదు.

ఊరంతటికీ ఆయన ఖురా, అంటే బాబాయ్. నాకూ ఖురాయే. హలధిబారిలో మొక్కల నర్సరీ నాది. వరసకు బాబాయ్ కాబట్టి తిట్టకూడదు, గిరాకీ కాబట్టి పొమ్మనకూడదు. ఈ రెండింటి మధ్య నాలుగేళ్ల పాటు నా ఆదివారాలన్నీ నలిగిపోయాయి.

ఆయన టీ తోట ఆఫీసులో ముప్పై ఏళ్లు పెద్ద గుమాస్తాగా చేశాడు. ఎదుటివాడి కాగితంలో తప్పు పట్టడం తప్ప ఇంకో విద్య నేర్చుకోకుండానే రిటైరయ్యాడు. వచ్చీరాగానే ఇంటి ముందు వాకిట్లో అర్ధచంద్రాకారంలో సిమెంటు అరుగు కట్టించాడు. పదిమంది కూర్చోవచ్చు. అరుగు వెనక మూరెడు వెడల్పున మట్టి వదిలాడు. అక్కడ వెదురు నాటాలి, అది పెరిగి వంగి అరుగు మీద నీడ పరచాలి, ఆ నీడలో ఊళ్లో పెద్దమనుషులంతా కూర్చుని కబుర్లు చెప్పుకోవాలి. పథకం అదీ.

"ఖురా, వెదురు ఇంటి వెనక కదా ఉండాల్సింది," అన్నాను, ఆ మొదటి రోజుల్లో నాకింకా ఆయనతో వాదించే ఓపిక ఉండేది.

"నా ఇంటి వెనక ఎవరు కూర్చుంటారురా ఖగేన్? దోమలు."

"వెదురు పొదలో దెయ్యాలుంటాయంటారు."

"ఉంటే ముందుకే రమ్మను. పదిమందికి చోటుంది."

నాలుగు వానాకాలాలు వచ్చి వెళ్లాయి. ఆ మూరెడు మట్టిలో గడ్డి మొలిచింది, గుమ్మడి తీగ పాకింది, ఒక కోడి గుడ్లు కూడా పెట్టింది. వెదురు మాత్రం మొలవలేదు. అరుగు ఎండలో పెనంలా కాలేది. చూడ్డానికి వచ్చినవాళ్లు ఒక చేత్తో టీ కప్పు, ఒక చేత్తో గొడుగు పట్టుకుని కూర్చునేవాళ్లు. వక్క నోట్లో వేసుకోవాలంటే పక్కవాడికి గొడుగు ఇవ్వాల్సి వచ్చేది.

"నన్ను చూడ్డానికి వచ్చినప్పుడు టీ కూడా పూర్తిగా తాగకుండానే సరేనన్నాడు," అని ఆయన భార్య వచ్చినవాళ్లందరికీ చెప్పేది. "వెదురుకి నాలుగేళ్లు. ఇంతకన్నా నేను వెదురుగా పుట్టాల్సింది, పెళ్లి తప్పేది."

ఇక నా నర్సరీలో జరిగేది చెప్తాను. ఆదివారం ఎనిమిదింటికల్లా గేటు దగ్గర పీట కనిపించేది, దాని వెనక ఆయన. పచ్చని బొంగు మీద పసుపు చారలున్న వెదురు చూపించాను. ఊళ్లో కలెక్టరు బంగళా ముందు కూడా అదే ఉంది. దాని కింద గంట కూర్చుని లేచాడు.

"దీనికి కామెర్లు," అన్నాడు.

నల్ల వెదురు తెప్పించాను. "వంటింటి పొగగొట్టం పక్కన పెంచావా?" అన్నాడు. కణుపు కణుపుకీ ఉబ్బి ఉండే రకం ఒకటుంది, పట్నం వాళ్లు ఎగబడి కొంటారు. దాని కింద కూర్చుని రెండు కప్పులు తాగి, "పాపం, కడుపుబ్బరం," అన్నాడు. "నా ఇంటికొచ్చినవాళ్లకి నేను టీ ఇవ్వాలా, దీనికి వాము కషాయం పట్టాలా?" సన్నగా గుబురుగా పెరిగే రకం చూపిస్తే, "ఇది చీపురు. తిరగేసి నీ నర్సరీ ఊడ్చుకో," అన్నాడు. లావు భలుకా వెదురు చూపిస్తే, "దీని పక్కన కూర్చుంటే కోర్టులో బోనెక్కినట్టుంది. కబుర్లు రావు, నిజాలు వస్తాయి," అన్నాడు.

కబుర్ల పరీక్ష అన్నిటికన్నా దారుణం. కూర్చునే చోటు కాబట్టి ఆ నీడలో మాట సాగుతుందో లేదో తేలాలట. అందుకు నేను ఎదురుగా బోర్లించిన కుండీ మీద కూర్చుని మాట్లాడాలి.

"ఏం మాట్లాడను ఖురా?"

"మీ బావమరిది సంగతి చెప్పు. చుట్టాల మీద చాడీలు చెప్పుకోవడానికి పనికిరాని నీడ నాకెందుకు?"

అలా నాలుగేళ్లలో నా బావమరిది బతుకంతా వెదురు మొక్కల కింద ఆయనకి అప్పజెప్పేశాను. మిగతా గిరాకీ గేటు దగ్గర నిలబడి విని, మొక్కలు కొనకుండా కథ పట్టుకుని పోయేవాళ్లు. మా ఆవిడ పుట్టింటికి వెళ్లడం మానేసింది. ఒక్క మొక్క అమ్ముడుపోలేదు.

నా నర్సరీ ఒక్కటే అయితే నా ఖర్మ అనుకునేవాణ్ని. ఆయన ఊళ్లమీద పడ్డాడు. టియోక్ దారిలో ఎవరిదో ముక్కూమొహం తెలియని ఇంటి వెనక పొదలో పీట వేసుకుని కూర్చున్నాడు. ఇంటాయన కర్ర పట్టుకుని వచ్చాడు. ఈయన కళ్లు తెరవకుండానే, "గాలికి మీ వెదురు మూలుగుతోంది. ఇంట్లో ఎవరికన్నా కీళ్ల నొప్పులున్నాయా?" అని అడిగాడు. ఆ ఇంట్లో ముసలామెకి నిజంగానే ఉన్నాయి. దెబ్బకి కర్ర పక్కన పడింది. లోపలికి తీసుకెళ్లి, పులియబెట్టిన వెదురు కొమ్ములతో చేపల పులుసు చేసి అన్నం పెట్టారు. ఈయన రెండుసార్లు వడ్డించుకుని తిని, చేయి కడుక్కుంటూ, "మంచి పని చేస్తున్నారు. ఈ జాతిని పెరగనివ్వకుండా ఇలాగే తినేయండి," అని ఆశీర్వదించి వచ్చాడు. కొండంత సిగ్గుమాలినతనం ఉంటే తప్ప ఇలాంటి భోజనం అరగదు.

ఇంతవరకూ నేను నవ్వుకుంటూనే చెప్పగలను. నా ఒళ్లు మండించింది పదుమి బైదేవ్ వెదురు సంగతి.

పదుమి బైదేవ్ మా ఊరి చివర ఒంటరిగా ఉంటుంది. వయసులో పెద్దది కాబట్టి నాకు బైదేవ్, అక్క. మొగుడు పోయి చాలా కాలమైంది. ఇంటి వెనక ఒక వెదురు తోపు ఉంది, ఆమె ఆస్తి అదే. ఆ వెదురు చీల్చి చేటలు, జల్లెడలు, చేపల బుట్టలు అల్లి సంతలో అమ్ముతుంది. ఎవరైనా ఏదైనా అడిగితే లేదు అనడం ఆమెకి చేతకాదు. నోరు తెరుస్తుంది కానీ ఆ మాట బయటికి రాదు, బదులుగా "టీ తాగుతావా బాబూ" అని వస్తుంది.

మా ఊళ్లో వెదురుకి ఒక కట్టుబాటుంది. పెళ్లి పందిరికి, పాడెకి, పశువుల కొట్టానికి, ఎవరొచ్చి అడిగినా వెదురు లేదనకూడదు. మంగళవారం, శనివారం తప్ప ఎప్పుడైనా కొట్టుకుపోవచ్చు. ఒక్కటే మినహాయింపు. ముందుగా ఎవరైనా పళ్లెంలో ఆకూ వక్కా పెట్టి అడిగి ఉంటే ఆ వెదురు వాళ్లది. వాళ్లు వద్దనేదాకా ఇంకొకడు దాని మీద కత్తి వెయ్యడు.

మన టంకేశ్వర్ ఖురా నాలుగేళ్ల కిందట పదుమి బైదేవ్ ముందు ఆకూ వక్కా పెట్టాడు. ఏదో ఒక బొంగు కాదు, తోపు మొత్తానికి. "ఇందులో ఏ దుంప తవ్వి నాటుకుంటానో చూసి చెప్తాను. అది తేలేదాకా ఒక్క బొంగు మీద కూడా ఎవరి కత్తీ పడకూడదు," అన్నాడు. అన్నవాడు తేల్చాడా? నెలకొకసారి వెళ్లి పీట వేసుకుని కూర్చునేవాడు. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"వంకర," అన్నాడు ఒకదాన్ని చూసి. "ఇది గూని. అదుగో, అది గాలికి ఊగుతుంటే మా పాత మేనేజరు తాగి నడిచినట్టుంది. ఛ, ఛ. ఒక్కటీ మనిషి ఇంటి ముందు పెట్టుకునేట్టు లేదు పదుమీ."

"అలాగేనన్నా," అంది ఆమె, బద్దలు చీలుస్తూనే.

"అయినా ఇంకోసారి చూడాలి. ఎవరికీ ఇవ్వకు."

"ఇవ్వనన్నా."

"నీ అల్లికకి కావాలంటే కోసుకో. అది లెక్కలోకి రాదు."

విన్నారా? ఎవరి వెదురుకి ఎవరు అనుమతిస్తున్నారు? ఆమె తోపులో ఆమె కోసుకోవడానికి ఈయన దయతలచాలి. నాలుగేళ్లుగా ఒక పేదరాలి ఆస్తిని గుప్పెడు ఆకులు పెట్టి కట్టేశాడు. తను తీసుకోడు, ఇంకొకర్ని తీసుకోనివ్వడు, పైగా నెలనెలా వచ్చి తిట్టిపోతాడు. ఆ దారిలో నడిచి వస్తుంటే నాకు పళ్లు పటపటలాడాయి.

"ఆమెని ఎందుకలా ఏడిపిస్తారు ఖురా? వద్దంటే వద్దని చెప్పేయొచ్చుగా."

"తొందరపడి వెదురు నాటినవాడు బాగుపడ్డట్టు నువ్వు ఎక్కడైనా చూశావా?"

"తొందరా? నాలుగేళ్లు."

"నీకు వెదురు గురించి ఏం తెలుసురా, అమ్ముకునేవాడివి," అన్నాడు.

అమ్ముకునేవాడివి అన్న ఆ మాట నాలో ఎక్కడో గుచ్చుకుంది. ఈ మనిషికి నోరు మూతపడేలాంటి వెదురు తెచ్చి, పదిమంది ముందు సరేననిపించి, పదుమి బైదేవ్ తోపుని విడిపించకపోతే నా పేరు ఖగేన్ సైకియా కాదనుకున్నాను. నర్సరీ మూసి, నాగాలాండ్ కొండల అంచున ఉన్న ఊళ్లన్నీ తిరిగాను. చివరికి ఒక పాస్టరు గారి పెరట్లో దొరికింది. సన్నాకు, నున్నటి బొంగు, పక్కకి పాకకుండా ఒక్కచోటే ఒద్దికగా పెరిగే రకం. పెద్ద పెద్ద డబ్బాల్లో ఆరేళ్లు పెరిగిన మొక్కలు నాలుగు. లారీలో పడుకోబెట్టి, ఆకు చెదరకుండా తడిగోనెలు కప్పి, వాటి పక్కనే కూర్చుని వచ్చాను. నా పెళ్లాన్ని పురిటికి తీసుకెళ్లినప్పుడు కూడా అంత జాగ్రత్తగా ప్రయాణం చెయ్యలేదు.

కార్తీకం మొదట్లో ఒక ఆదివారం. ఆయన అరుగు వెనక నాలుగు డబ్బాలూ వరసగా నిలబెట్టించి, ఊళ్లో పదిమందిని పిలిచాను. కార్తీక పున్నమికి కృష్ణలీలలు ఆడించే రాస ఉత్సవ కమిటీ కార్యదర్శి మునీన్ గగోయ్‌ని కూడా పిలిచాను, సాక్ష్యానికి అతని గొంతు బాగా పనికొస్తుందని. ఖురా బయటికి వచ్చి మొక్కలకేసి చూశాడు. పీట తెచ్చుకుని వాటి కింద కూర్చున్నాడు.

గంట గడిచింది. కప్పులో ఒక్క ఆకు రాలలేదు. గాలి వీచింది, బొంగు మూలగలేదు. నీడ అరుగు ఈ కొస నుంచి ఆ కొసకి సరిగ్గా సరిపోయింది. నేను మా బావమరిది కొత్తగా పెట్టిన చేపల చెరువు సంగతి మొదలుపెట్టి ఆపకుండా చెప్పాను. పదిమందీ గొడుగులు పక్కన పెట్టి, ముందుకు వంగి విన్నారు. ఆ అరుగు కట్టాక దాని మీద అంత హాయిగా ఎవరూ కూర్చోలేదు.

"లోపం చెప్పండి ఖురా," అన్నాను.

ఆయన లేచాడు. మొక్కల చుట్టూ తిరిగాడు. బొంగు మీద వేలితో కొట్టి చెవి పెట్టి విన్నాడు. ఆకు తుంచి వాసన చూశాడు. నోట్లో వేసుకుని నమిలాడు. మళ్లీ తిరిగాడు. నేను లెక్కపెట్టాను, ఏడు ప్రదక్షిణలు.

"చెప్పండి ఖురా. ఎండలో నిలబడి ఉన్నాం... కాదు, నీడలోనే ఉన్నాంలే," అన్నాను. అందరూ నవ్వారు.

"లోపం లేదు," అన్నాడు ఆయన.

మునీన్ గగోయ్ లేచి నిలబడ్డాడు. "అయితే ఖురా, పదుమి బైదేవ్ తోపు మీద మీ ఆకూ వక్కా తీసేసినట్టే కదా? నలుగురి ముందూ అడుగుతున్నాను."

ఖురా నాకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తల ఊపి, పీట పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. ఓడిపోయినవాడి మొహం అలాగే ఉంటుందిలే అనుకుని నేను మీసం దువ్వుకున్నాను. అక్కణ్నుంచి నేరుగా పదుమి బైదేవ్ ఇంటికి వెళ్లి శుభవార్త చెప్పాను.

"నీ వెదురుకి విముక్తి బైదేవ్. ఇక ఆ ముసలాయన గొడవ లేదు నీకు."

ఆమె చేతిలో కత్తి ఒక క్షణం ఆగింది. నోరు తెరిచింది. "టీ తాగుతావా బాబూ," అంది. నేను రెండు కప్పులు తాగి, గొప్ప పని చేసినవాడిలా ఇంటికొచ్చాను. నా అంత మూర్ఖుడు ఆ రోజు జోర్హాట్ జిల్లాలో ఇంకొకడు లేడు.

సోమవారం గడిచింది. మంగళవారం వెదురు కొట్టరు. బుధవారం పొద్దున్నే సైకిలు మీద ఆ దారినే పోతుంటే కత్తుల చప్పుడు వినిపించింది. పదుమి బైదేవ్ తోపులో ఇరవైమంది ఉన్నారు. మునీన్ గగోయ్ పంచె ఎగగట్టి, వేలు చూపించి, ఇది, అది, ఆ వెనకది అని చెబుతున్నాడు. రాస పందిరికి అరవై బొంగులు కావాలట. కమిటీ వాళ్ల వెనక ఇంకో నలుగురు నిలబడి ఉన్నారు. ఒకడికి ఆవుల కొట్టం, ఒకడికి కూతురి పెళ్లి గేటు, ఇంకొకడికి ఏం కావాలో వాడికే తేలలేదు, ఊరికే దొరుకుతోందని వచ్చాడు. పదుమి బైదేవ్ అందరికీ టీ పోస్తోంది. కళ్లు కత్తుల మీదే ఉండి టీ సాసర్లలో పడుతోంది.

"బైదేవ్, అరవైకి ఒప్పుకున్నావా?" అన్నాను.

"అడిగారు బాబూ."

"అరవై పోతే నీకేం మిగులుతుంది?"

ఆమె తోపు వైపు చూసి, తన దగ్గరున్న బుట్టల వైపు చూసి, ఇంకో కప్పులో టీ పోసింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. అయిదారేళ్ల కిందట, సొంత తోపు ఉండి కూడా ఈమె సంతలో వెదురు కొనుక్కుని భుజాన మోసుకుపోతుంటే చూశాను. ఆ రోజుల్లో ఈ తోపులో పదో పదకొండో బొంగులు ఉండేవి, పక్కన మొదళ్లన్నీ నరికిన గుర్తులు. ఊరు ఊరంతా అడిగి పట్టుకుపోయింది. ఇప్పుడు కత్తి పడడానికి ముందు ఇక్కడ నిలబడి ఉన్నది నాలుగేళ్లుగా ఎవరూ ముట్టుకోని అడవి. దాన్ని నిలబెట్టింది నెలనెలా వచ్చి వంకర, గూని అని తిట్టిపోయిన ఆ ఒక్క నోరు. ఇది తెలిశాక నా మీద నాకు పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. సైకిలు వెనక్కి తిప్పాను.

ఖురా అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నా మొక్కల నీడ ఆయన మీద చక్కగా పడుతోంది. మొహం చూస్తే నీడలో కూర్చున్నవాడిలా లేదు.

"నాకు ముందే చెప్పకూడదా ఖురా?"

"ఏం చెప్పాలి? పదుమికి లేదనడం రాదు, నేను దాని తరఫున లేదంటున్నాను అని డప్పు కొట్టించాలా? అప్పుడు అది అడ్డంకి ఎలా అవుతుందిరా? దయ అవుతుంది. దయనైతే అందరూ దాటుకుని పోతారు."

"పోనీ ఇప్పుడు వెళ్లి మొక్కలు నచ్చలేదని చెప్పండి. మళ్లీ ఆకూ వక్కా పెట్టండి."

"పదిమంది ముందు లోపం లేదన్నాను. ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఒకసారి సంతకం పెట్టిన కాగితం కొట్టేసి ఎరగను. నిజంగానే లోపం లేదు కూడా. అంత మంచి వెదురు తెచ్చి చచ్చావు." నన్ను చూసిన చూపులో తిట్టూ ఉంది, మెచ్చుకోలూ ఉంది. "లోపం ఉందని అమ్మినవాడే వచ్చి చెబితే అది వేరే సంగతి."

నాకు అర్థమవడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒప్పుకోవడానికి కొంచెం పట్టింది. ఇరవై ఏళ్లుగా నా నర్సరీ మొక్కకి పురుగు పట్టిందని ఒక్కడు అనలేదు. నా బోర్డు మీద కూడా అదే రాసుకున్నాను. ఆ మాట నా నోటితో నేనే అనాలి. అటు చూస్తే కత్తుల చప్పుడు ఇక్కడికి కూడా వినిపిస్తోంది.

ఎదురింటి తోపుడు బండి అడిగి, నాలుగు డబ్బాలూ ఎక్కించి, నేనే తోసుకుంటూ పదుమి బైదేవ్ వాకిట్లోకి వెళ్లాను. వెనక ఖురా వస్తున్నాడు, చంకలో పీట.

"మునీన్, ఆపు," అన్నాను. "ఈ మొక్కలకి దుంపకుళ్లు. ఇప్పుడే చూశాను. ఖురా దగ్గర్నుంచి వాపసు తీసుకుపోతున్నాను. బేరం రద్దు."

కత్తులు ఆగాయి. మునీన్ మొక్కలకేసి చూశాడు. అవి పచ్చగా, నున్నగా, దివ్యంగా ఉన్నాయి.

"కుళ్లినట్టు లేవే," అన్నాడు.

"కుళ్లు లోపల ఉంటుంది. బయటికి కనిపిస్తే ఇక దాన్ని దుంప అని ఎందుకంటారు?"

అప్పుడు ఖురా మొదలుపెట్టాడు. నాలుగేళ్లలో వెదుర్లకి పెట్టిన తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ రోజు నాకు పెట్టినవి ఒక ఎత్తు. నా మొక్కలు పనికిరావన్నాడు. నా కుండీలు పనికిరావన్నాడు. మా నాన్న పెట్టిన నర్సరీని కూడా పనికిరాదన్నాడు, ఆయన ఖురాకి బాల్య స్నేహితుడు. ఇలాంటివాణ్ని నమ్మి పదుమి తోపు వదులుకోబోయాను కదా అని తలబాదుకున్నాడు. అంత ఆనందంగా ఒక మనిషి ఇంకో మనిషిని తిట్టడం నేనెప్పుడూ చూడలేదు. నేను తల దించుకుని, ఒక్కొక్క తిట్టుకీ అవునవును అంటూ నిలబడ్డాను. చివరికి ఆయన జేబులోంచి ఆకూ వక్కా తీసి పదుమి బైదేవ్ ముందు పెట్టి, నరికి పడేసిన ఏడు బొంగుల మీద పీట కూడా వేసుకోకుండా కూర్చున్నాడు.

"ఇవి కూడానా ఖురా?" అన్నాడు మునీన్ నీరసంగా.

"ఇందులో నాకు కావలసింది ఉండొచ్చు. చూడాలి. మధ్యాహ్నం దాకా పట్టొచ్చు, సాయంత్రం దాకా పట్టొచ్చు."

ఇరవైమంది ఎంతసేపని నిలబడతారు? టీ తాగేసి, కత్తులు సంచుల్లో పెట్టుకుని, పక్కూరి తోపు వెతుక్కుంటూ వెళ్లిపోయారు. పదుమి బైదేవ్ ఆ ఏడు బొంగుల్నీ బద్దలుగా చీల్చుకుంది.

ఆ తర్వాత నా వ్యాపారం సంగతి చెప్పకపోవడం మంచిది. వెదురే కాదు, బంతి మొక్క కొనడానికి వచ్చినవాళ్లు కూడా వేళ్లు పైకి లేపి వాసన చూసేవాళ్లు. "ఎవరి వెదురు కోసమో మన బోర్డు మీద బురద చల్లుకున్నావు," అని మా ఆవిడ వారం రోజులు గొణిగి, ఎనిమిదో రోజు పదుమి బైదేవ్ దగ్గర మూడు చేటలు కొనుక్కొచ్చింది. మాకు అవసరమైంది ఒకటే.

మాఘం వెళ్లింది. ఫాల్గుణంలో ఎండ ముదిరింది. ఒక ఆదివారం ఖురా నన్ను వెంటబెట్టుకుని తోపుకి వెళ్లాడు. మామూలుగా కూర్చున్నాడు, మామూలుగా తిట్టాడు. లేచి పంచె దులుపుకుంటూ, "పదుమీ, అరుగు మీద ఎండ మరీ ఎక్కువగా ఉంది. గుడ్డ పందిరి వేసుకుంటాను. నాలుగు బొంగులు కొట్టుకుపోతాను," అన్నాడు.

పదుమి బైదేవ్ చేటకి అంచు కడుతోంది. తల ఎత్తలేదు.

"కుదరదన్నా," అంది.

నేను సరిగ్గా వినలేదేమో అనుకున్నాను. ఖురా కూడా అలాగే అనుకున్నట్టున్నాడు.

"నాలుగే పదుమీ. చివర్న ఉన్న ఆ వంకరవి."

"వీటి మీద ఆకూ వక్కా పడి ఉంది. ఎవరికీ ఇవ్వకూడదు."

"పెట్టింది నేనే కదా."

"మీరైతే ఏంటి? దుంప ఏదో తేలేదాకా ఎవరి కత్తీ పడకూడదని మీరే అన్నారు. ఎవరి కత్తీ అంటే మీది కూడా." దారం పళ్లతో తెంపి, అప్పుడు తల ఎత్తింది. "నేనివ్వనన్నా."

టీ తాగుతారా అని అడుగుతుందేమోనని చూశాను. అడగలేదు.

ఖురా పీట చంకలో పెట్టుకుని బయల్దేరాడు. దారి పొడుగునా అటూ ఇటూ ఎన్ని పొదలు వచ్చాయో, ఒక్కదాన్ని కూడా ఏమీ అనలేదు. నాకు భయమేసింది. వంతెన దాటాక ఆగాడు.

"ఒరేయ్ ఖగేన్. ఆ నాలుగు మొక్కలూ ఉన్నాయా, ఎవరికన్నా అంటగట్టావా?"

"ఎవరు కొంటారు ఖురా? నర్సరీ వెనక పెట్టాను. ఇప్పుడు ఇంకా బాగా ఎదిగాయి."

"రేపు పంపించు. నాటిస్తాను. ఇక పదుమికి నా అవసరం లేదు."

"ఎలా పంపను? దుంపకుళ్లని ఇరవైమంది ముందు నా నోటితో నేనే చెప్పాను. మీరు చూస్తే ఊరంతా వినేలా మా నాన్నని కూడా తిట్టారు. ఇప్పుడు అవే మొక్కలు మీ వాకిట్లో పెడితే జనం ఏమంటారు?"

"రోగం తగ్గిందని చెప్పు," అన్నాడు ఆయన నడుస్తూనే. "ఆ నిగనిగలాడే మొక్కలకి కుళ్లు అంటే నమ్మిన ఊరు, తగ్గిందంటే నమ్మదా?"